పెట్టె పక్కన తల్లికి మంచం



నెలలు నిండకుండా కాన్పు అయితే మన ఇళ్లకు ఆ కబురు ఒక్క మాటలో చేరుతుంది: "బిడ్డను పెట్టెలో పెట్టారంట." ఆ పెట్టె ఇంక్యుబేటర్ కావచ్చు, పైనుంచి వేడి తగిలే వార్మర్ కావచ్చు. ప్రైవేటు ఆస్పత్రిలో అయితే ఎన్‌ఐసీయూ అనీ, జిల్లా ఆస్పత్రిలో అయితే ఎస్‌ఎన్‌సీయూ అనీ తలుపు మీద రాసి ఉంటుంది. ఆ తలుపు ముందు వరండాలో తండ్రి, అమ్మమ్మ, ఒక ఫ్లాస్కు, ఒక దుప్పటి. తల్లి ఇంకో అంతస్తులో, బాలింతల వార్డులో, కుట్ల నొప్పితో పడుకుని ఉంటుంది. ఒక్కోసారి ఆమె ఆ ఊళ్లోనే ఉండదు. కాన్పు అయిన చోట సదుపాయం లేదని బిడ్డను 108లో జిల్లా కేంద్రానికి పంపించేస్తారు; తల్లి మాత్రం అక్కడే ఉండిపోతుంది. బిడ్డ ఎలా ఉందో ఆమెకు మొగుడి ఫోన్లో తీసిన ఫొటో చూస్తే తప్ప తెలియదు. ఈ ఏర్పాటు తప్పని చెప్పడానికే ఈ ప్రసంగం. నెలలు తక్కువ బిడ్డ వైద్యంలో ఆక్సిజన్ ఎలా భాగమో, గ్లూకోజు ఎలా భాగమో, తల్లి కూడా అలాగే భాగం. వేళకు వచ్చి అద్దంలోంచి చూసిపోయే చుట్టం కాదామె. కాబట్టి ఆమె మంచం కూడా ఆ గదిలోనే ఉండాలి. జాలి మీద అడిగే కోరికలా ఇది వినిపించవచ్చు గానీ దీని వెనక గట్టి లెక్కలున్నాయి.

ముందుగా ఈ బిడ్డలు ఎంతమంది? గర్భం 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు తక్కువ బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద అలాంటి పిల్లలు సుమారు 1 కోటీ 34 లక్షల మంది పుట్టారని అంచనా. వారిలో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. అంటే ఐదుగురిలో ఒకరికంటే ఎక్కువ మనవాళ్లే. ఇక్కడ ఒక నమ్మకం గురించి చెప్పి తీరాలి. ఏడో నెల బిడ్డ బతుకుతుందనీ, ఎనిమిదో నెల బిడ్డ బతకదనీ మన పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఊపిరితిత్తులు ముదిరేదీ, చర్మం కింద కొవ్వు పట్టేదీ ఆ చివరి వారాల్లోనే. ఎనిమిదో నెల బిడ్డ మీద ఆశ వదులుకోవడానికి ఏ కారణమూ లేదు.

బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట అన్న పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంక్యుబేటర్ పుట్టినప్పుడు అది లేదు. 1880ల మొదట్లో పారిస్ ప్రసూతి ఆస్పత్రిలో స్తెఫాన్ తార్నియే అనే వైద్యుడు కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి, అలాంటిదే పసిపిల్లల కోసం చేయించాడు. ఆయన దారిలోనే నడిచిన పియేర్ బుదాఁ, పెట్టెకు గాజు పలకలుండాలన్నాడు, తల్లి బిడ్డను చూసుకోగలగాలని. బిడ్డ అవసరాలేవీ తన చేతి మీదుగా జరగని తల్లి క్రమంగా ఆ బిడ్డ మీద ధ్యాస పోగొట్టుకుంటుందని ఆయన కలత పడ్డాడు. చనుబాలు పట్టడానికి తల్లుల్ని రప్పించుకున్నాడు. ఆ తర్వాత మార్టిన్ కూనీ అనే ఆయన అమెరికాలో ఈ పెట్టెల్ని ప్రదర్శనకు పెట్టాడు. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో 1903 నుంచి 1943 దాకా జనం పాతిక సెంట్లు ఇచ్చి టికెట్టు కొనుక్కుని ఆ పిల్లల్ని చూసి వెళ్లేవారు. తల్లిదండ్రుల దగ్గర ఆయన పైసా తీసుకోలేదు, ఆ డబ్బుతో వేలమందిని బతికించాడు. దండం పెట్టదగ్గ పనే. తర్వాత ఆస్పత్రులు తమ సొంత వార్డులు కట్టుకున్నాక ఇన్ఫెక్షన్ భయంతో తలుపులు మూసుకున్నాయి. యాంటీబయాటిక్స్ లేని కాలంలో ఆ భయానికి అర్థం ఉంది. మందులు వచ్చాయి, చేతులు కడుక్కునే పద్ధతులు వచ్చాయి, తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. 1970లోనే స్టాన్‌ఫర్డ్ వైద్యులు తల్లుల్ని లోపలికి రానిచ్చి, దానివల్ల ఇన్ఫెక్షన్లు పెరగలేదని ప్రచురించారు. అది జరిగి అర్ధశతాబ్దం దాటింది.

ఆ తలుపును నిజంగా తోసి తెరిచింది కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక పేదల ప్రసూతి ఆస్పత్రి. 1978లో అక్కడ ఎడ్గార్ రేయ్ అనే వైద్యుడికి పెట్టెలు చాలలేదు. ఒక్కోదాంట్లో ఇద్దరేసి, ముగ్గురేసి పిల్లలు. ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుని చనిపోతున్నారు. కొందరు తల్లులు బిడ్డల్ని అక్కడే వదిలి వెళ్లిపోతున్నారు. ఆయన బిడ్డను తీసి తల్లి రొమ్ము మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి పెట్టాడు. మరుసటి ఏడు నుంచి ఎక్తోర్ మార్తీనెస్ అనే మరో వైద్యుడు దాన్ని ముందుకు నడిపించాడు. సంచిలో పిల్లను మోసే జంతువు పేరు మీద దాన్ని కంగారూ సంరక్షణ అన్నారు. మన దగ్గరా నర్సులూ ఆశా కార్యకర్తలూ వాడే మాట అదే, కంగారూ కేర్.

అదెలా చేస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం. బిడ్డకు టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప ఒంటి మీద ఏమీ ఉండదు. తల్లి రవిక ముందు భాగం విప్పి, రెండు రొమ్ముల మధ్య బిడ్డను నిలువుగా ఆనిస్తారు. కాళ్లూ చేతులూ కప్పపిల్లలా ముడుచుకుంటాయి. తల ఒక పక్కకు, కాస్త పైకెత్తి ఉంటుంది. మెడ ముందుకు వాలితే ఊపిరి దారి మూసుకుపోతుంది గనక నర్సు ఆ ఒక్కటీ మాత్రం పదేపదే చూస్తుంది. పైనుంచి మెత్తటి గుడ్డతో ఇద్దరినీ కలిపి కడతారు. తల్లి వెనక్కి వాలి కూర్చుంటుంది. పెట్టెలో నెలలు తక్కువ బిడ్డ అప్పుడప్పుడు ఊపిరి తీయడం మరిచిపోతుంది, మానిటర్ మోగుతుంది, ఎవరో వచ్చి అరికాలు నిమిరితే మళ్లీ తీస్తుంది. తల్లి రొమ్ము మీద ఉన్న బిడ్డకు ఆమె ఊపిరి ఎగసిపడుతూనే ఉంటుంది, గుండె చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఒళ్లు చల్లబడదు. ఆస్పత్రి గోడల మీదా గొట్టాల మీదా ఉండే మొండి క్రిములకంటే ముందు తల్లి ఒంటి మీది మామూలు క్రిములు బిడ్డ చర్మాన్ని ఆక్రమించుకుంటాయి. ఇందులో మంత్రం ఏమీ లేదు. వేడి, పాలు, ఊపిరి, కనిపెట్టుకుని ఉండే కన్ను, అంతే.

ఇంతకాలం వైద్యులు ఒక షరతు పెట్టేవారు. బిడ్డ కుదుటపడ్డాకే కంగారూ, అప్పటిదాకా పెట్టెలోనే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది ఆ కుదుటపడేలోపే చనిపోతారు. మరి పుట్టిన వెంటనే మొదలుపెడితే? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పరిశోధన చేయించింది: ఘనా, నైజీరియా, మలావీ, టాంజానియా, మన దేశం. మన దేశం తరఫున ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి పాల్గొంది. కిలో నుంచి 1,799 గ్రాముల దాకా బరువున్న 3,211 మంది పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు పుట్టీ పుట్టగానే కంగారూ. తల్లికి ఆ వార్డులోనే మంచం. రెండో జట్టుకు మామూలు వైద్యం, కుదుటపడ్డాక కంగారూ. మొదటి జట్టులో బిడ్డ రోజుకు సుమారు 17 గంటలు తల్లి రొమ్ము మీదే ఉంది. రెండో జట్టులో గంటన్నర. నెల రోజుల్లో రెండో జట్టులో నూటికి 15.7 మంది చనిపోతే మొదటి జట్టులో 12 మంది చనిపోయారు. మరోలా చెప్పాలంటే, 27 మంది తల్లులకు బిడ్డ పక్కన మంచం వేస్తే ఒక బిడ్డ అదనంగా బతుకుతుంది. తేడా ఇంత స్పష్టంగా కనబడుతుంటే సగంమందికి దీన్ని అందకుండా చేయడం సరికాదని, పర్యవేక్షక సంఘం పరిశోధనను మధ్యలోనే ఆపించింది. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహాను మార్చుకుని, పుట్టిన వెంటనే కంగారూ మొదలుపెట్టమంది. నెలలు తక్కువ పిల్లల మరణాల్ని ఈ స్థాయిలో తగ్గించిన కొత్త మందు పేరు ఒకటి చెప్పమంటే, ఈ మధ్య కాలంలో వచ్చినవాటిలో నాకు ఏదీ తట్టడం లేదు.

దీనికి అభ్యంతరాలు చాలా ఉన్నాయి, అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది ఇన్ఫెక్షన్. బయటినుంచి వచ్చిన మనిషి, ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో, లోపలికి ఎలా రానిస్తాం అంటారు. ఆస్పత్రిలో పిల్లలకు అంటుకునే జబ్బులు ఎక్కువగా చేతుల మీదుగా ప్రయాణిస్తాయి. ఒక నర్సు చేయి ఒక పూటలో ఎనిమిదిమంది పిల్లల్ని తాకుతుంది, పదిమందినైనా తాకుతుంది. తల్లి చేయి ఒక్క బిడ్డనే తాకుతుంది. ఆ ఒక్క చేతిని కడుక్కోవడం నేర్పడం కష్టమా? ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో 295 మంది పిల్లలతో దీన్ని పరీక్షించారు. ఇంటివాళ్లకు చేతులు కడుక్కోవడం, గౌను వేసుకోవడం, పాలు పట్టడం, బిడ్డలో ప్రమాద లక్షణాలు గుర్తించడం నేర్పి, లోపలికి రానిచ్చారు. ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లలో తేడా రాలేదు. ఇంటికి వెళ్లేనాటికి తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు మాత్రం 67 శాతం నుంచి 80 శాతానికి పెరిగారు. 295 మంది అంటే చిన్న లెక్క, ఒప్పుకుంటాను. కానీ ఇందాక చెప్పిన 3,211 మంది పిల్లల పరిశోధనలో రక్తానికి ఇన్ఫెక్షన్ సోకిందన్న అనుమానం తల్లి దగ్గరున్న జట్టులోనే తక్కువ: నూటికి 28కి బదులు 23. తలుపు మూయడానికి చెప్పిన కారణమే తలుపు తెరవమంటోంది. ఆ ఢిల్లీ అనుభవంతోనే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2017లో, కుటుంబాన్ని నవజాత శిశువు సంరక్షణలో భాగం చేసుకోవాలంటూ మార్గదర్శకాలు విడుదల చేసింది. అంటే కాగితం మీద ఈ వాదన ఎప్పుడో నెగ్గింది. వరండాలో దుప్పటి పరుచుకున్నవాళ్లకే ఆ సంగతి ఇంకా తెలియదు.

రెండో అభ్యంతరం ఇంట్లోంచే వస్తుంది. పచ్చి బాలింత, గాలి తగలకూడదు, పురుడు వెళ్లకుండా అటూ ఇటూ తిరగకూడదు, ఆస్పత్రి గదిలో రాత్రంతా కూర్చుంటే ఆమె ఏమైపోతుంది అంటారు అత్తలు, అమ్మమ్మలు. ఆ ఆందోళనను నేను చిన్నచూపు చూడను. కానీ పురిటిగది అనే ఏర్పాటును ఒకసారి గుర్తు చేసుకోండి. తల్లీ బిడ్డా ఒకే మంచం మీద, ఒకే దుప్పట్లో, వెచ్చటి గదిలో లోపల. మిగతా లోకమంతా గడప బయట. మన పూర్వులు విడదీసింది తల్లీబిడ్డల్ని లోకం నుంచి. తల్లిని బిడ్డ నుంచి కాదు. ఆస్పత్రి దాన్ని తిరగేసింది. బిడ్డ లోపల, తల్లి గడప బయట. నేనడిగే మంచం మన పురిటిగదికి పక్కన ఆక్సిజన్ గొట్టం చేర్చినట్టు ఉంటుంది.

అయితే తల్లి ఒళ్లు బాగోలేకపోతే? ఈ అభ్యంతరంలో పస ఉంది. నెలలు తక్కువ కాన్పు అయిన స్త్రీకి చాలాసార్లు రక్తపోటు పెరిగి ఉంటుంది, పొట్ట మీద కుట్లు ఉంటాయి, రక్తస్రావమై ఉండవచ్చు. ఆమె కూడా రోగే. ఆమెను చూసేది ప్రసూతి విభాగం, బిడ్డను చూసేది పిల్లల విభాగం. డాక్టర్లు వేరు, నర్సులు వేరు, కేసు షీట్లు వేరు. తల్లి మంచం బిడ్డ పక్కకు జరగాలంటే ఈ రెండు విభాగాలూ ఒకే గదిలో పనిచేయాలి. అసలు కష్టం అక్కడుందని నాకనిపిస్తుంది, క్రిముల దగ్గర కాదు. సఫ్దర్‌జంగ్‌లో ఆ పని జరిగింది. తల్లికి బీపీ చూడటం, కుట్లు చూడటం, మందులివ్వడం అన్నీ బిడ్డ పక్కనే. తల్లి లేవలేని మొదటి గంటల్లో అమ్మమ్మ రొమ్మయినా, తండ్రి ఛాతీ అయినా బిడ్డకు వెచ్చదనం ఇస్తుంది. తండ్రి చొక్కా విప్పి బిడ్డను ఎత్తుకుంటే ఎవరైనా ఏమనుకుంటారోనన్న బిడియం మనవాళ్లలో ఉంది. నర్సు ఒక్కసారి దగ్గరుండి చేయిస్తే ఆ బిడియం పోతుంది.

ఇక నాలుగోది, ఇది పెట్టెలు కొనలేని పేద దేశాల సర్దుబాటు, మనకెందుకు అనే మాట. కార్పొరేట్ ఆస్పత్రుల చుట్టూ ఇది ఎక్కువ వినిపిస్తుంది. స్వీడన్ పేద దేశం కాదు. స్టాక్‌హోమ్‌లో తల్లిదండ్రులు రాత్రీపగలూ బిడ్డతోనే ఉండేలా గదులు కట్టి, 366 మంది పిల్లల మీద పరిశీలించారు. ఆ గదుల్లోని పిల్లలు సగటున ఐదు రోజులు ముందే ఇంటికి వెళ్లారు. రోజువారీ బిల్లు కట్టే కుటుంబానికి ఐదు రోజులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 విభాగాల్లో జరిగిన మరో పరిశోధనలో తల్లిదండ్రులు రోజుకు కనీసం ఆరు గంటలుండి బిడ్డ పనులు చేశారు. బిడ్డ బరువు బాగా పెరిగింది, తల్లిదండ్రుల్లో ఆందోళన తగ్గింది. మరణాల్లో మాత్రం అక్కడ తేడా రాలేదు. అక్కడ మరణాలు ముందే చాలా తక్కువ.

దీనికి హద్దులూ ఉన్నాయి. సొంతంగా ఊపిరి తీయలేని బిడ్డ, వెంటిలేటర్ మీదున్న బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ ముందు ఆ గండం గడవాలి. కిలో లోపు పిల్లలు ఆ ఐదు దేశాల పరిశోధనలో లేరు, కాబట్టి ఆ లెక్కను వాళ్లకు అంటగట్టను. అయినా ఆ బిడ్డకు కూడా తల్లితో పని ఉంది, పాలతో. సుమారు 34 వారాల దాకా బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం రాదు. కాబట్టి ముక్కులోంచో నోట్లోంచో పొట్టకు సన్నటి గొట్టం వేస్తారు. లోపలి పిస్టన్ తీసేసిన సిరంజిని ఆ గొట్టానికి తగిలించి, తల్లి పిండిన ముర్రుపాలు ఒక మిల్లీలీటరు, రెండు మిల్లీలీటర్లు పోసి పైకెత్తి పట్టుకుంటే, ఆ పసుపు రంగు చుక్క దానంతటది మెల్లగా దిగుతుంది. తోయకూడదు. కొన్నాళ్లకు ఉగ్గుగిన్నె. అవును, మన అమ్మమ్మల ఇత్తడి, వెండి ఉగ్గుగిన్నెలాంటిదే, ముక్కున్న గిన్నె, ఎన్‌ఐసీయూలో ఇప్పటికీ వాడతారు. తల్లికి పాలు పడాలంటే రోజుకు ఏడెనిమిదిసార్లు పిండాలి. బిడ్డను ముట్టుకున్న తల్లికి పాలు బాగా వస్తాయి. మూడో అంతస్తులో గోడ చూస్తూ కూర్చున్న తల్లికి ఎండిపోతాయి. పాలు చాలని పిల్లల కోసం 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల బ్యాంకు పెట్టారు; హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పేరుతో అలాంటి బ్యాంకు ఉంది. ఎంతో మంచి పని. అయినా కన్నతల్లి పాలను పక్క గదిలో ఎండనిచ్చి, దానం చేసిన పాల కోసం ఎదురుచూడటం సరైన వరస కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరికి ఉంచాను. రోజుకు 17 గంటలు బిడ్డను రొమ్ము మీద పెట్టుకుని కూర్చోవాలంటే ఆ తల్లి ఏం తినాలి, ఎక్కడ స్నానం చేయాలి, ఇంటి దగ్గర పెద్దపిల్లను ఎవరు చూడాలి, కూలికి వెళ్లని రోజుల డబ్బు ఎవరిస్తారు? ఇవేవీ చూడకుండా కంగారూ చేయమంటే, నర్సుల కొరతను బాలింతల ఒంటి మీదకు నెట్టినట్టే. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం జబ్బుచేసిన పసిబిడ్డకు ఉచిత వైద్యం, ప్రయాణం హామీ ఇచ్చింది. తల్లికి భోజనం కూడా పెట్టింది, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు. ఆ లెక్క నెలలు నిండిన కాన్పు కోసం వేసింది. 30 వారాలకు పుట్టిన బిడ్డ ఆస్పత్రిలో నెల దాటి ఉండవచ్చు. ఎనిమిదో రోజు నుంచి ఆ తల్లి కంచం ఎక్కడిది? ఆమె మంచానికీ, కంచానికీ, మరుగుదొడ్డికీ బిడ్డ డిశ్చార్జి అయ్యేదాకా హక్కు ఉండాలి. బిడ్డ మందుల పద్దులోనే ఆమె భోజనం పద్దు రాయాలి. అది లేకుండా ఈ వాదన సగమే అవుతుంది.

తల్లిని లోపలికి పిలవడంలో ఇంకో మేలుంది. నెలలు నిండకుండా ఎందుకు కన్నావని ఆమెను అడగనివాళ్లుండరు. బిందె ఎత్తావా, గ్రహణం నాడు బయటికొచ్చావా, ప్రయాణం చేశావా అంటారు. రక్తపోటు, ఇన్ఫెక్షన్, కవల గర్భం, ఉమ్మనీటి సంచి ముందే పగలడం, ఇలా కారణాలు అనేకం. చాలా కాన్పుల్లో కారణం వైద్యులకే అందదు. వరండాలో కూర్చున్న తల్లికి ఆ నిందలు వినడం తప్ప చేయడానికి పనేమీ లేదు. లోపలున్న తల్లికి ప్రతి రెండు గంటలకూ ఒక పని ఉంది, ఆ పనికి ఫలితం తూకంలో కనిపిస్తుంది: నిన్న 1,340 గ్రాములు, ఇవాళ 1,360.

ఇక ఇంటికి వెళ్లే రోజు. నెల తర్వాత మొదటిసారి బిడ్డ చేతికందిన తల్లి బెదిరిపోతుంది. నెలంతా తానే పాలు పోసి, తానే లంగోటీ మార్చిన తల్లికి ఆ బిడ్డ ఊపిరి తీరు తెలుసు, రంగు మారితే తెలుసు. ఇంటి దగ్గర కంగారూ కొనసాగించాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఏమడగాలో కూడా తెలుసు. డిశ్చార్జి కాగితం మీద ఒక తేదీ ఉంటుంది, కంటి పరీక్షది. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా, బిడ్డ కంటి వెనక పొరలో రక్తనాళాలు వంకరగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది. పుట్టిన 30 రోజుల్లోపు చూపిస్తే లేజర్‌తో ఆపవచ్చు. చాలామంది పిల్లలకు ఆ పరీక్షలో ఏ దోషమూ తేలదు. కంటికి పైకి ఏ తేడా కనిపించదు గనకే ఇళ్లల్లో ఆ తేదీ మరిచిపోతారు. వార్డులో బిడ్డ పక్కన మంచం మీద ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటూ గడిపిన తల్లిని అడిగి చూడండి, ముప్పయ్యో రోజు ఏ వారం పడుతుందో కాగితం చూడకుండానే చెబుతుంది.